గంటం బరువు

గీతల కాలం, 1వ రోజు

ఈ ఏడాది నూట పన్నెండు చేతులు వచ్చాయి. సగం మస్తానయ్యకు, సగం నాకు. గది పుస్తకంలో రూలు చెప్పినవి మాత్రమే రాయాలి. నా నోటికి అది చాలదు కాబట్టి ఇరవై రెండేళ్లుగా ఈ సొంత పుస్తకం కూడా రాసుకుంటున్నాను.

పొద్దున్నే ఫిల్టర్లు దులిపాను. గీత గదిలో పనిచేసేవాళ్లు ముందు ఫిల్టర్ దులిపాకే గంటం పట్టాలన్నది ఆచారం, ఎందుకు గీస్తున్నామో మరిచిపోకుండా ఉండటానికి. మా గుహల పైన గాలి లేదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి పీలుస్తాం. నాకు ఆరేళ్లప్పుడు మూడో గుహలో ఫిల్టర్ మూసుకుపోయి నలభై ఒక్కమంది ఊపిరాడక పోయారు. మా నాన్న వాళ్లలో ఒకడు. చర్మం జబ్బువాళ్ల ఒంటి నుంచి రాలిన పొలుసులే ఫిల్టర్‌ను మూసేశాయని పెద్దలు తేల్చారు. అందుకే ఈ గది, ఈ గంటం, ఈ నేను.

పుట్టిన రోజే మడమ నుంచి చుక్క రక్తం తీసి, పొలుసుల జబ్బు మనిషి పుట్టుకలో ఎంత లోతుగా దాక్కుందో చూసి మెట్టు ఇస్తారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా. మెట్టు ఉన్నంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు. ఎనిమిదో మెట్టువాళ్లు పదిమంది ఉంటే తొమ్మిదిమంది ఒక్క పొలుసు కూడా రాలకుండానే పోతారు. ఆ పదోవాణ్ణి పట్టుకోవడానికే గీత. ఆరు దాటినవాళ్లు పదహారేళ్లు నిండినప్పటి నుంచి ఏటా వచ్చి చెయ్యి చాపాలి. మోచేతి కింద నాలుగు వేళ్ల పొడవున గీస్తాం. పద్నాలుగు రోజులకు గీత మానిపోతే ఇంటికి, ఎర్రగా లేచి వెండి పొలుసు కడితే ఆరో గుహకు. అక్కడి గాలి యంత్రం మేం వాడి పారేసింది. వెళ్లినవాళ్లు ఆరేడేళ్లు బతుకుతారు. తిరిగి రావడమంటూ లేదు.

నాదీ ఏడో మెట్టే. ఏటా మస్తానయ్య చేత గీయించుకుంటాను. ఒక్కసారి కూడా లేవలేదు. నిజాయితీ గల చర్మం నాది.

2వ రోజు

మస్తానయ్య మంచివాడే గానీ గీత గీయమంటే చేతి మీద చీమ నడిచినట్టు గీస్తాడు. రెండేళ్ల కిందట సొరంగంలో బండ పడి మణికట్టు విరిగినప్పటి నుంచీ అంతే. నిరుడు అతని యాభై నాలుగు చేతుల్లో ఒక్క గీత లేచింది. నా యాభై నాలుగింటిలో తొమ్మిది. అంటే అతని చేతుల్లోంచి ఎనిమిదిమంది దొంగలు తప్పించుకుని హాయిగా మన గాలి పీలుస్తున్నారన్నమాట.

"గీత కనిపిస్తే చాలని గదా అక్కా రూలు పుస్తకంలో ఉండేది. రగతం రావల్లని యాడా రాయల్యా," అన్నాడు.

"రూలు రాసినోళ్లు గంటం పట్టినారా? రగతం చెమర్చకుంటే జబ్బు నిద్ర లేవదబ్బా," అన్నాను.

తేల్చుకుందామని అతని జాబితాలో పదిమందిని ఏరాను. వాళ్లకు అతను ఎడమ చేతి మీద, నేను కుడి చేతి మీద ఇవాళే గీశాం. నేత పని చేసే దస్తగిరి చెయ్యి వెనక్కు లాక్కోబోయాడు. మోకాలితో అదిమిపెట్టి గీశాను. ముప్పై ఏళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, చిన్నపిల్లాడిలా మూలిగాడు. నవ్వొచ్చింది.

5వ రోజు

మా చౌడేశ్వరికి మొన్న పదహారు నిండాయి. ఎనిమిదో మెట్టు. ఆఖరి జట్టుతో దానికీ గీత. సొంతవాళ్లకు సొంతవాళ్లు గీయకూడదు కాబట్టి అది మస్తానయ్య వంతు.

దానికి భయమన్నదే లేదు. అలసంద మళ్లలో పనిచేసే తోటి పిల్లలు దాన్ని గీతమ్మ కూతురని దూరం పెడతారు. ఇది వాళ్ల కంటే తలెత్తుకుని నడుస్తుంది. చిన్నప్పుడు పుల్ల పట్టుకుని ఆ పిల్లల చేతుల మీద గీతలు గీసి, "నువ్వు ఇంటికి, నువ్వు ఆరుకు," అని ఆడుకునేది. ఏడ్చినవాళ్లను కూడా ఆరుకే పంపేది. నా కడుపున పుట్టినందుకు నా పోలికే వచ్చింది.

"గీత అబద్ధం చెప్పదు గదా మా?" అని ఇవాళ అన్నం తింటూ అడిగింది.

"మనుషులు చెప్తారు. గీత చెప్పదు," అన్నాను.

16వ రోజు

గెలిచాను. ఆ పదిమందిలో మస్తానయ్య గీసిన ఎడమ చేతులు పదీ శుభ్రంగా ఉన్నాయి. నేను గీసిన కుడి చేతుల్లో మూడు లేచాయి. దస్తగిరిది వాటిలో ఒకటి. నాలుగు వేళ్ల పొడవునా, నేను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపానో అక్కడిదాకా, ఎర్రగా పొంగి పైన పొలుసు కట్టింది. ఎంత చక్కని గీత!

మస్తానయ్యను అందరి ముందూ నిలబెట్టి చూపించాను. ఇకమీదట ప్రతి చేతికీ రక్తం చెమర్చాల్సిందేనని గది పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకున్నాను. తల వంచుకుని పెట్టాడు.

దస్తగిరి తల్లి హుసేనమ్మ తల్లుల బల్ల మీద కూర్చుని ఉంది. గీత చూసి తీర్పు చదివేటప్పుడు తల్లికి మాట్లాడే హక్కుంది. ఆమె కొడుకు చేతులు రెండూ పట్టుకుని నా ముందుకు తెచ్చింది.

"సుంకులమ్మా, ఈ సెయ్యి సూడు, ఆ సెయ్యి సూడు. ఎడంది నున్నగుండాది. రొండు సేతులకూ చర్మం ఒకటే గదా తల్లీ. మెట్టూ ఒకటే గదా. నువ్వు రగతం వచ్చేట్టు గీకినందుకే లేసింది. జబ్బు వాని కాడ నిద్రపోతాంటే నువ్వు పొడిచి లేపినావు. లేపకుంటే సచ్చేదాకా నిద్రపోయుండు."

'తల్లి మాట' అని ఒక గడి ఉంది గది పుస్తకంలో. పదేళ్ల కిందట నేనే పెట్టించాను. అంతకుముందు తల్లులు ఏడ్చి, శాపాలు పెట్టి, కాళ్లు పట్టుకుని పూట పూటంతా తినేసేవాళ్లు. ఇప్పుడు వాళ్లు చెప్పింది ఆ గడిలో రాస్తాం. గడిలో పడిన మాటకు బదులు ఒక్కటే, అదీ నేను కూర్చిందే. రాసి, గట్టిగా చదివాను.

"తల్లి చెప్పింది, విన్నాము. గీత చెప్పింది, నమ్మాము."

దస్తగిరి వెళ్లేటప్పుడు పిల్లల వైపు చూడలేదు. చూస్తే కాళ్లు కదలవని తెలిసినవాడు. మిగతా ఇద్దరూ కూడా మర్యాదగానే వెళ్లారు.

18వ రోజు

ఫిల్టర్ దులుపుతున్నాను. అలసంద పొట్టు, దుప్పట్ల నూలు, రాతి పొడి. ఇరవై రెండేళ్లుగా రోజూ దులుపుతున్నది ఇదే. మూడు వందలమందికి పైగా ఆరుకు పంపాం. అయినా ఫిల్టర్ అప్పుడెంత మురికిగా ఉండేదో ఇప్పుడూ అంతే ఉంది. దులుపుతూ దులుపుతూ ఆగిపోయాను. రెండు చేతులకూ చర్మం ఒకటే గదా తల్లీ.

ఆ ముసలిది చెప్పింది చెవిలో ఇరుక్కుపోయింది. లోపలికొచ్చి ఈ పుస్తకమే వెనక్కు తిప్పాను. మస్తానయ్య మణికట్టు విరగక ముందు అతని చెయ్యీ నా చెయ్యంత బరువే. అప్పుడు ఏటా అతని వైపు లేచిన గీతలు ఎనిమిది, తొమ్మిది, ఏడు. విరిగిన ఏడాది సున్నా. నిరుడు ఒకటి. ఆ రెండేళ్లలో అతని గంటం కింద నుంచి ఇంటికి పోయిన నూరుమందిని వరసగా తలుచుకున్నాను. రోజూ కళ్లెదుట తిరిగేవాళ్లే. ఒక్కరి ఒంటి మీద కూడా పొలుసు చూసిన గుర్తు లేదు.

వాళ్లు తప్పించుకున్న దొంగలు కారు. నిద్రపోతున్నదాన్ని ఎవరూ లేపలేదు, అంతే. పుట్టుకలో ఉన్నది విత్తనమే. తవ్వి, నీళ్లు పోసి, మొలిచిందని శిక్ష వేసింది నేను. మూడు వందలమందిలో ముప్పైమందికి ఎలాగూ వచ్చేదేమో. మిగతావాళ్లకు జబ్బు నా గంటమే.

భయమేసింది. ఈ పుస్తకంలో అబద్ధం రాయను. నాకు గుర్తొచ్చింది దస్తగిరి కాదు, ఆ మూడు వందలమందీ కాదు. ఎల్లుండి చౌడికి గీత.

ఇప్పుడే వెళ్లి పెద్దలకు చెప్పేయొచ్చు. చెబితే గది మూస్తారు, విచారణ పెడతారు, నన్నూ మస్తానయ్యనూ తీసేసి కొత్త చేతులు పెడతారు. ఆ చేతులు ఎంత బరువో ఎవరికి తెలుసు? మస్తానయ్య చెయ్యి నాకు తెలుసు. ముందు చౌడి గీత కానీ. తర్వాత చెబుతాను.

19వ రోజు

మస్తానయ్య గంటాలు నూనెతో తుడుస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఇరవై రెండేళ్లలో అతణ్ణి నేనేదీ అడిగింది లేదు, చెప్పడమే.

"మస్తానూ, రేపు మా పాపకు కొంచెం తేలిగ్గా గీయి."

తుడవడం ఆపాడు. "మొన్న రగతం రావల్లంటివి. అందరి ముందర నిలబెట్టి సంతకం పెట్టిస్తివి. ఈ పొద్దు వద్దంటాండావు."

"అవును."

"నీ బిడ్డ అనా?"

"అవును."

నా మొహంలోకి చూశాడు. చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

"సరేలే అక్కా. నాకూ బిడ్డలుండారు," అని మళ్లీ తుడుచుకున్నాడు.

అసలు కారణం అతనికి నేను చెప్పలేకపోయాను. నేను ఆరుకు పంపిన తొమ్మిదో మెట్టు తమ్ముడొకడు అతనికి ఉండేవాడు.

20వ రోజు

అయింది. చీమ నడిచింది. తెల్లని గీత, రక్తం లేదు. బయటికి వచ్చేసరికి అది కూడా మాసిపోతోంది. నాకు గాల్లో తేలినట్టుంది.

చౌడి మొహం మాత్రం వాడిపోయింది. దారిలో చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. "ఇదేంది మా? దీన్ని గూడా గీత అంటారా? నువ్వే గదా ఏడాదంతా మస్తాన్ మామ గీతలను ఎగతాళి చేస్తివి."

"గమ్మున నడువు," అన్నాను.

ఇంట్లో బెల్లం పెట్టాను. తినలేదు. పెద్దలకు చెప్పడం రేపు చూద్దాం. ఇంకా పద్నాలుగు రోజులు కావాలి గదా, చదివేదాకా.

25వ రోజు

అలసంద మడి నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. మోచేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. లాగాను.

నల్లగా కట్టిన పక్కు. నాలుగు వేళ్ల పొడవు, తిన్నగా, లోతుగా. నేను గీసినా అంత తిన్నగా రాదు.

"ఎవరు గీసినారే ఇది?"

"నేనే. సరిజేసుకున్న," అంది. సిగ్గూ లేదు, భయమూ లేదు. నా పెట్టెలోంచి పాత గంటం తీసుకుపోయిందట. మస్తానయ్య గీసిన మరునాడే మధ్యాహ్నం మడి గట్టు మీద కూర్చుని, దస్తగిరి చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చూడమని చెప్పి మరీ గీసుకుందట.

"ఆ పిల్ల ఏమనిందో తెల్సా మా? మీ యమ్మ మా యన్నకు రగతం పారించింది, నీకు మాత్రం ఈకతో రాపించింది, అనింది. అందరూ నగినారు. నేను యాడ తలెత్తుకోవల్ల? నాలో ఏం లేకుంటే నాకేం భయం? ఉంటే ఆరుకు పోవల్సిందే గదా. నలభై మందిని సంపుకుంటామా?"

నేను నేర్పిన పాఠం ఒక్క అక్షరం పొల్లుపోకుండా నాకే అప్పజెప్పింది.

కూర్చోబెట్టి అంతా చెప్పాను. రెండు చేతుల సంగతి, మస్తానయ్య మణికట్టు సంగతి, ఈ పుస్తకంలో ఉన్న ఏళ్ల సంగతి. గీతే జబ్బును లేపుతుందని చెప్పాను. ఇరవై రెండేళ్లూ తప్పు చేశానని కూడా చెప్పాను. ఇంతవరకు ఎవరి ముందూ అనని మాట అది.

అది నా చెంప నిమిరింది. "నా మీద ప్రేమ కొద్దీ చెప్తాండావు. పాపం మా, నువ్వు," అంది.

30వ రోజు

పక్కు రాలింది. కింద గులాబీ రంగు. అంచులు కొంచెం ఎత్తుగా ఉన్నట్టున్నాయి. దీపం వల్ల అనిపిస్తోందేమో. కొబ్బరి నూనె రాశాను. పదిమందిలో తొమ్మిదిమందికి రాదు. ఆ తొమ్మిదిలో ఇది ఉండాలి. ఇప్పుడు పెద్దలకు చెబితే ముందు దీని చెయ్యే చూస్తారు.

దస్తగిరి ఏ లెక్కలో ఉండేవాడో ఇప్పుడు అడక్కూడదు.

34వ రోజు

పొలుసు కట్టింది. వెండిలా మెరుస్తోంది.

మొదటిసారి తల్లుల బల్ల మీద కూర్చున్నాను. చాలా తక్కువ ఎత్తు. కూర్చున్నవాళ్లు గంటం పట్టినవాళ్ల వైపు తలెత్తి చూడాల్సి వస్తుంది. అలా చేయించింది కూడా నేనే.

"తల్లి ఏమైనా చెప్తాదా?" అన్నాడు మస్తానయ్య పుస్తకం చూస్తూ.

"మస్తానూ, నువ్వు గీసింది లేయలేదు. ఆ పిల్ల తర్వాత దాని మీద పొడుచుకున్నదే లేసింది. గంటం తగలని ఆ ఎడం సెయ్యి సూడు, నున్నగుండాది. రొండు సేతులకూ చర్మం ఒకటే గదా." అంటూంటే నోట్లోంచి వస్తున్నది హుసేనమ్మ గొంతే అనిపించింది. ఈ పుస్తకం అతని ముందు తెరిచి పెట్టాను. "ఏటేటా రాసుండా. నీ మణికట్టు ఇరగక ముందు, ఇరిగినాక. సదువు."

చదివాడు. మూడు పేజీలు, వేలు పెట్టి. మొహంలో రంగు మారింది. అర్థమైందని నాకు తెలిసింది. పుస్తకం మూసి నా వైపు జరిపాడు.

"ఇది ఎవరు రాసింది?"

"నేనే. గీత గది సుంకులమ్మను."

"ఈ పొద్దు ఆ బల్ల మీద కూసున్నావు గదక్కా. తల్లివి."

"నువ్వు నమ్మినావు. నీ మొకంలో కనపడతాంది."

గొంతు తగ్గించాడు. "నువ్వు రగతం రావల్లని సంతకం పెట్టించుకున్నాక నేను పన్నెండు సేతులు గీసినా. నీ మాట ప్రకారమే, కట్టు కట్టుకోని, రెండు సేతులతో పట్టుకోని గీసినా. ఈ మూడు రోజుల్లో నాలుగు లేసినాయి. నలుగురినీ నేనే పంపినా. నీది నిజమైతే నేనేంది? ఆ నలుగురి తల్లులకు నేనేం చెప్పల్ల? నా తమ్మునికేం చెప్పల్ల?"

పుస్తకాన్ని మళ్లీ అతని వైపు జరిపాను.

"మామా, మా యమ్మ మాట పట్టించుకోవాకు," అంది చౌడి, చెయ్యి చాపి నిలబడి. "బిడ్డ మీద తీపితో ఏదేదో రాసుకునింది. నేను పోతా."

మస్తానయ్య గడిలో నా మాట రాశాడు. పూర్తిగా, ఒక్క ముక్క వదలకుండా రాశాడు. తర్వాత లేచి నిలబడి చదివాడు.

"తల్లి చెప్పింది, విన్నాము. గీత చెప్పింది, నమ్మాము."

పెద్దల దగ్గరకు పరిగెత్తాను. గది పుస్తకం తెప్పించుకుని, తల్లి మాట గడి చూసి, కింద నేను పదేళ్ల కిందట రాసిన రూలు నాకే చూపించారు. గడిలో పడిన మాట విచారణకు రాదు. నా అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి.

ఆరో గుహ తలుపు దాకా వెళ్లాను. చౌడి వెనక్కు తిరిగి చూసింది. నవ్వింది కూడా, తప్పు చేయని పిల్ల నవ్వినట్టు.

తలుపు పక్కన ఒక చిన్న కిటికీ ఉంది. తల్లులు రోజూ మధ్యాహ్నం అక్కడ గిన్నెలు అందిస్తారు. హుసేనమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నీ బిడ్డకు రొండో సెయ్యి ఎట్లుండాది?" అని అడిగింది.

"నున్నగుండాది," అన్నాను.

తల ఊపి, వరసలో నాకు చోటిచ్చింది.

35వ రోజు

లోపలికి పోవాలంటే గీత లేవాలి. వేరే దారి లేదు. చౌడి గీసుకున్న గంటంతోనే రెండు చేతుల మీదా గీసుకున్నాను. కుడి మీద నాలుగు, ఎడమ మీద నాలుగు. రక్తం చెమర్చేదాకా కాదు, కారేదాకా. ఏడో మెట్టు ఊరికే ఇవ్వరు. లోపల ఎక్కడో ఉంది. లేపుతాను.

41వ రోజు

పక్కు కట్టింది. బాగా దురదగా ఉంది. మంచిదే. గిన్నె కిటికీలో పెట్టాను. లోపలి నుంచి చౌడి దగ్గు వినిపించింది.

45వ రోజు

పక్కు రాలింది. కింద గులాబీ రంగు. సంతోషంతో ఏడ్చాను.

49వ రోజు

మస్తానయ్య నా చేతులు రెండూ దీపం కిందికి తీసుకున్నాడు. చూపుడు వేలితో ఎనిమిది గీతల మీదా తడిమాడు. అన్నీ తెల్లబడి, చదునై, చర్మంలో కలిసిపోయాయి. పొలుసు కాదు గదా, గరుకు కూడా లేదు.

"మళ్లీ సూడు," అన్నాను.

మళ్లీ చూశాడు. "నీకేం ల్యాదక్కా. నీది శుభ్రమైన చర్మం."

తల్లుల బల్ల మీద నా కోసం మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. నా పేరు పక్కన 'ఇంటికి' అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. వచ్చే ఏడు గీతల కాలానికి రమ్మన్నాడు.